దవడ ఎముకకు జంతు గ్రాఫ్ట్‌లు: బయో-ఆస్, సెరాబోన్, జెన్-ఆస్, ఆసియోగ్రాఫ్ట్‌లలో ఏది ఎక్కడ పనికొస్తుంది

డెంటల్ డిపోలో బోన్ గ్రాఫ్ట్, అంటే దవడలో ఎముక తగ్గిన చోట నింపే పదార్థం, అడిగితే ముందు పెట్టే సీసాలన్నీ ఒకేలా ఉంటాయి. లోపల తెల్లటి రేణువులు, పైన స్టెరైల్ అన్న ముద్ర. నోట్లో పెట్టాక మాత్రం ఒక్కోటి ఒక్కోలా నడుచుకుంటుంది. ఒకటి పదేళ్లయినా దవడలో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒకటి కొన్ని నెలల్లోనే కరిగిపోతుంది. ఇంకొకటి పెట్టిన రోజు ఎక్స్‌రేలో కనిపించనే కనిపించదు. ఈ తేడా తెలియకుండా ధర చూసి కొన్నా, కంపెనీ మనిషి మాట మీద కొన్నా, మంచి సరుకే తప్పు చోట పడుతుంది. జంతు గ్రాఫ్ట్ కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న, అది ఆ చోట ఎంతకాలం నిలవాలి అన్నది. బ్రాండ్ సంగతి ఆ తర్వాతే.

ఇక్కడ చూస్తున్నవి ప్రధానంగా నాలుగు: స్విట్జర్లాండ్ వాళ్ల బయో-ఆస్, జర్మనీ నుంచి సెరాబోన్, ఇటలీ నుంచి జెన్-ఆస్, చెన్నైలో తయారయ్యే ఆసియోగ్రాఫ్ట్. మొదటి రెండూ, చివరిదీ ఆవు జాతి పశువుల ఎముక. జెన్-ఆస్ ఎక్కువగా పంది ఎముక.

తయారీలోనే ఉంది తేడా అంతా

ఎముకలో మూడింట రెండు వంతుల దాకా ఖనిజం. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కొలాజెన్, నీరు. జంతువు ఎముకను మనిషి శరీరం ఒప్పుకోవాలంటే అందులోని కణాలు, కొవ్వు, రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే ప్రోటీన్లు పోవాలి. అవి పోగొట్టే పద్ధతిని బట్టే చేతికొచ్చే సరుకు గుణం.

బయో-ఆస్‌ను వోల్‌హూసెన్‌లోని గైస్ట్‌లిష్ కంపెనీ చేస్తుంది. సుమారు 300 డిగ్రీల వేడి, ఆపైన గాఢమైన క్షారం. దాంతో సేంద్రియ భాగం పోతుంది కానీ ఎముకలోని సన్నటి రంధ్రాలు, ఖనిజ స్ఫటికాల సైజు దాదాపు సహజంగానే మిగులుతాయి. రేణువులో 75 నుంచి 80 శాతం ఖాళీయే. బొటిస్ కంపెనీ సెరాబోన్‌ను 1200 డిగ్రీలు దాటించి కాలుస్తుంది. ఆ వేడికి సేంద్రియ పదార్థం జాడ కూడా మిగలదు. అయితే స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి, రేణువు గట్టిపడుతుంది. దాన్ని కరిగించడం ఆస్టియోక్లాస్టులకు, అంటే ఎముకను తినే కణాలకు, ఇక దాదాపు సాధ్యం కాదు.

జెన్-ఆస్ దారి వేరు. టెక్నాస్ వాళ్లు వేడిని 130 డిగ్రీల లోపే ఆపి, ఖనిజంతోపాటు కొలాజెన్‌ను కూడా కొంత ఉంచుతారు. తడిపితే కాస్త ఉబ్బుతుంది, చేతికి జిగటగా తగులుతుంది. శరీరం దాన్ని గుర్తుపట్టి నెమ్మదిగా తినేస్తుంది.

ఆసియోగ్రాఫ్ట్ వీటన్నిటికీ తలకిందులు. ఇందులో ఆమ్లంతో ఖనిజాన్ని తీసేస్తారు. మిగిలేది ముఖ్యంగా టైప్ 1 కొలాజెన్, 250 మైక్రాన్ల దరిదాపు రేణువులుగా. జర్నళ్లలో బయో-ఆస్ లాంటివాటిని డీబీబీఎం (ప్రోటీన్ తీసేసిన ఆవు ఎముక ఖనిజం) అని, ఆసియోగ్రాఫ్ట్ లాంటివాటిని డీబీఎం (ఖనిజం తీసేసిన ఎముక) అని రాస్తారు. ఒక్క అక్షరం తేడాకి రెండూ ఒకటేననుకుని ఆర్డరు పెట్టేవాళ్లున్నారు. నిజానికి ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో లేదు. మొదటిది గట్టిగా నిలబడుతుంది, రెండోది మెత్తగా కుంగుతుంది. సీసా మీద పేరు కన్నా కింద చిన్న అక్షరాల్లో ఉన్న వర్ణన చదవడం ముఖ్యం.

నాలుగింటికీ ఉమ్మడి సంగతి ఒకటుంది. వీటిలో బతికున్న కణం ఏదీ లేదు. తీగకు పందిరి ఎంతో కొత్త ఎముకకు ఇవీ అంతే. తీగ పుట్టాల్సింది పేషెంటు సొంత ఎముక గోడల నుంచి, వాటిలో కారే రక్తం నుంచి. అందుకే గోడలు ఎన్ని మిగిలాయన్నది బ్రాండ్ కన్నా పెద్ద విషయం. మూడు గోడలున్న గుంటలో ఏ గ్రాఫ్ట్ పెట్టినా మంచి ఫలితానికి అవకాశం ఉంది. ఒక్క గోడే మిగిలిన చోట ఎంత ఖరీదైనది పెట్టినా రేణువులు కదిలిపోతాయి. కదిలిన రేణువు చుట్టూ ఎముకకు బదులు నారలాంటి కణజాలం చేరుతుంది.

బయో-ఆస్: కరగకపోవడమే బలం, అదే బలహీనత

దంతవైద్యంలో అన్నిటికన్నా ఎక్కువ అధ్యయనాలు జరిగిన జంతు గ్రాఫ్ట్ ఇదే. కొత్తగా వచ్చే గ్రాఫ్ట్‌లన్నీ తమను దీంతోనే పోల్చుకుంటాయి. ఆ పేరు ఊరికే రాలేదు. రక్తం తగలగానే రేణువు దాన్ని పీల్చుకుని, పక్కదానితో అతుక్కుంటుంది. చెంచాలాంటి చిన్న క్యూరెట్‌తో ఎత్తి పెడితే జారిపోదు. పెట్టిన ఆకారం నెలలు గడిచినా పెద్దగా కుంగదు.

రెండు సైజుల్లో వస్తుంది. చిన్నది 0.25 నుంచి 1 మిల్లీమీటరు, పెద్దది 1 నుంచి 2 మిల్లీమీటర్లు. సాకెట్లకు (పన్ను తీసిన గుంటలకు), ఇంప్లాంట్ చుట్టూ ఖాళీలకు, పీరియో లోపాలకు (చిగుళ్ల జబ్బుతో పళ్ల చుట్టూ ఎముక పోయిన చోట్లకు) చిన్నది. సైనస్ లిఫ్ట్‌కు (పై దవడ మీదున్న గాలి గది అడుగు పొరను ఎత్తి కింద ఎముక నింపే పనికి), పెద్ద వాల్యూములకు పెద్దది. రేణువుల మధ్య మిగిలే సందుల్లోంచే రక్తనాళాలు లోపలికి పాకాలి. పెద్ద గుంటను చిన్న రేణువులతో దట్టంగా కూరితే మధ్యభాగానికి ఆ నాళాలు చేరవు. ఇరుకు గుంటలో పెద్ద రేణువులు పెడితే గోడను సరిగ్గా తాకవు.

దీనికి బాగా తగిన చోటు, పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ పెట్టినప్పుడు ఇంప్లాంట్‌కూ బుగ్గవైపు గోడకూ మధ్య మిగిలే ఖాళీ. పన్ను తీశాక ఆ పలచటి గోడ కరిగిపోవడం ఖాయం. వట్టి సాకెట్‌ను అలా వదిలేస్తే ఏడాదిలో రిడ్జ్ (పళ్లు నిలిచే దవడ ఎముక గట్టు) వెడల్పు దాదాపు సగం పోతుంది. అందులో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే పోతుంది. ముందుపళ్ల దగ్గర ఆ లోతు చిగురు మీద నీడలా కనబడుతుంది. ఖాళీ 2 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే చిన్న రేణువులు నింపుతారు. అక్కడ మనకు కావాల్సింది, గోడ కరిగినా లోపల నిలిచి చిగురు ఆకారాన్ని మోసే సరుకు. కరగని గుణం అక్కడ వరమే.

మామూలు సాకెట్లో, 4 నెలల తర్వాత ఇంప్లాంట్ పెట్టాలనుకున్న చోట, అదే గుణం అడ్డొస్తుంది. కొన్ని నెలల తర్వాత తీసిన నమూనాల్లో కొత్త ఎముక సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు. మిగిలిపోయిన గ్రాఫ్ట్ కూడా దాదాపు అంతే. మిగతాది మజ్జ, మెత్తటి కణజాలం. పదేళ్ల తర్వాత చూసినా రేణువులు కనబడ్డ నమూనాలున్నాయి. ఇంప్లాంట్ అతుక్కునేది బతికున్న ఎముకతోనే కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. చిన్న సాకెట్‌కు 4 నెలలు చాలవచ్చు. బుగ్గవైపు గోడ లేని పెద్ద సాకెట్‌కు 6 నెలలు ఆగడం మేలు.

బయో-ఆస్ కొలాజెన్ అనేది దీని తమ్ముడు: 90 శాతం బయో-ఆస్ రేణువులు, 10 శాతం పంది కొలాజెన్. 100, 250, 500 మిల్లీగ్రాముల దిమ్మెలుగా వస్తుంది. కత్తెరతో కోసి, తడిపి, సాకెట్ ఆకారానికి మలచుకోవచ్చు. రేణువులు చెదరవు కాబట్టి సాకెట్లలో చేతికి చాలా సుఖం. అదనపు ధర ఆ సుఖానికే. కొలాజెన్ కొన్ని వారాల్లో పోతుంది, ఎముక విషయంలో తేడా ఏమీ లేదు. అయితే ఇందులో ఆవుదీ పందిదీ రెండూ ఉన్నాయన్నది పేషెంటుకు చెప్పాల్సిన సంగతి.

సెరాబోన్

అస్సలు కరగకూడదు అనుకున్న చోటే దీన్ని ఎంచుకోవాలి. ఇంప్లాంట్ బయటి వైపు ఆకారం నింపడానికి, సైనస్ లిఫ్ట్‌కు బాగుంటుంది. సైజులు 0.5 నుంచి 1, 1 నుంచి 2 మిల్లీమీటర్లు. రేణువు గరుకుగా, గట్టిగా ఉంటుంది, నలిగి పొడి కాదు. కొద్ది నెలల్లో ఇంప్లాంట్ వేయాల్సిన సాకెట్లో మాత్రం దీన్ని మేం సిఫారసు చేయం. పక్కపన్నును ఆర్థో ట్రీట్‌మెంట్‌తో ఆ చోటికి జరపాలన్న ఆలోచన ఉన్నా వద్దు. దారిలో కరగని రేణువులు ఉంటే పన్ను కదలిక కష్టమవుతుంది.

జెన్-ఆస్, ఎంపీ3

ఇంప్లాంట్ కోసం సాకెట్‌ను నిలబెట్టాలి, కొన్ని నెలలకు తెరిచినప్పుడు ఎక్కువగా సొంత ఎముకే కనబడాలి అనుకునేవాళ్లకు ఇది ఇష్టమైన సరుకు. రేణువు 250 నుంచి 1000 మైక్రాన్లు. పొడిగా వచ్చేదాన్ని కొన్ని చుక్కల సెలైన్‌తో తడపాలి. ఉబ్బుతుంది కాబట్టి తడిపాకే కొలత చూసుకోవాలి. పొడిగా సాకెట్ నిండా పోసి ఆపైన తడిపితే చిగురు కింద ఒత్తిడి పెరుగుతుంది. ఎంపీ3 అదే కుటుంబం నుంచి సిరంజిలో తడిగానే వస్తుంది. రేణువులు 600 నుంచి 1000 మైక్రాన్లు, 10 శాతం కొలాజెన్ జెల్. సైనస్ గోడకు కోసిన కిటికీలోంచి నేరుగా తోసేయొచ్చు. తడిపే పని, డిష్‌లో ఒలికే గోల ఉండవు.

లోటు ఏమిటంటే, ఆకారం పూర్తిగా నిలబడుతుందని దీని మీద భరోసా పెట్టుకోలేం. ముందుపళ్ల దగ్గర, గోడ లేని చోట, చిగురు ఒంపు ఏళ్ల తరబడి నిలవాలంటే బయో-ఆస్ వైపే మొగ్గుతాం.

ఆసియోగ్రాఫ్ట్

చెన్నై అడ్వాన్స్‌డ్ బయోటెక్ ప్రోడక్ట్స్ వాళ్లది. మన డెంటల్ కాలేజీల పీరియో విభాగాల్లో ఎండీఎస్ విద్యార్థులకు బాగా పరిచయం. దిగుమతి సరుకుతో పోలిస్తే ధర అందుబాటులో ఉంటుంది. దీని చోటు పళ్ల మధ్య ఎముకలో ఏర్పడే ఇరుకైన, లోతైన గుంటలు, ముఖ్యంగా మూడు గోడలున్నవి. అక్కడ గుంటే రేణువులను పట్టి ఉంచుతుంది, గ్రాఫ్ట్ తన బలంతో నిలబడక్కర్లేదు. రిడ్జ్ వెడల్పు పెంచడానికీ సైనస్‌కూ వాడితే నిరాశే. ఖనిజం లేని రేణువు చిగురు బరువుకే కుంగుతుంది.

దీని గురించి తప్పక తెలియాల్సింది ఎక్స్‌రే సంగతి. ఖనిజం లేదు కాబట్టి పెట్టిన మర్నాడు ఆర్‌వీజీ (పంటి డిజిటల్ ఎక్స్‌రే) తీస్తే గుంట ఖాళీగానే కనిపిస్తుంది. 6 నెలలకు తెల్లబడితే అది గట్టిపడిన కణజాలమే అని కొంత నమ్మొచ్చు. బయో-ఆస్, సెరాబోన్ దీనికి పూర్తిగా ఎదురు. పెట్టిన నిమిషం నుంచే తెల్లగా మెరుస్తాయి. ఆ తెలుపును పేషెంటుకు చూపించి "ఎముక వచ్చేసింది" అనడం తప్పు. అది ఆవు ఖనిజం తెలుపు. ఆ రెండింటిలో నయమైందో లేదో తేల్చేది రేణువుల అంచుల్లో స్పష్టత తగ్గి చుట్టూ ఉన్న ఎముకలో కలిసిపోతున్న తీరు, తర్వాత తెరిచినప్పుడు పట్టు. పీరియో కేసులో అయితే ప్రోబింగ్ లోతు, అంటే పన్నుకూ చిగురుకూ మధ్య సందు లోతు.

ఎంత కొనాలి

కొన్ని గ్రాముల్లో అమ్ముతారు, కొన్ని సీసీల్లో. దీంతో ధరలు పోల్చడంలో పొరపాటు జరుగుతుంది. బయో-ఆస్ చిన్న రేణువు 0.25 గ్రాములు దాదాపు 0.5 సీసీ, 0.5 గ్రాములు 1 సీసీ. పెద్ద రేణువు మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి అదే 0.5 గ్రాములు సుమారు 1.5 సీసీ నింపుతుంది. సెరాబోన్ నేరుగా సీసీల్లోనే వస్తుంది. గ్రాముకు ఎంత అని కాకుండా సీసీకి ఎంత అని లెక్క వేస్తేనే పోలిక సరిపోతుంది.

ఒక్క పన్ను సాకెట్‌కు 0.5 సీసీ సాధారణంగా చాలు. మోలార్‌కు 1 సీసీ దగ్గర పెట్టుకోవాలి. సైనస్‌లో ఒక్క ఇంప్లాంట్ చోటికి 1 నుంచి 1.5 సీసీ, రెండు మూడు ఇంప్లాంట్లకు 2.5 నుంచి 4 సీసీ దాకా పడుతుంది. సైనస్ తెరిచాక గ్రాఫ్ట్ చాలకపోవడం కన్నా ఇబ్బంది మరొకటి లేదు. ఒక సీసా అదనంగా, తెరవకుండా, పక్కన ఉండాలి. తెరిచిన సీసాలో మిగిలింది ఎంత ఖరీదైనా పారేయాల్సిందే. ఆటోక్లేవ్ చేసి ఇంకో పేషెంటుకు వాడటం ప్రమాదం. ఆవిరి వేడికి కొలాజెన్ ఉన్న సరుకు పాడవుతుంది. దేన్నైనా సరే, తెరిచాక మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడమని తయారీదారు చెప్పలేదు.

సాకెట్లో పెట్టే తీరు

పన్నును వీలైనంత గోడ విరగకుండా, అవసరమైతే వేర్లు విడదీసి తీయాలి. మోలార్‌ను బలంగా ఊపితే పోయేది మనం కాపాడాలనుకున్న ఆ బుగ్గవైపు గోడే. తర్వాత క్యూరెట్‌తో గుంట అంతా గీకాలి. వేరు చివర మిగిలిన గ్రాన్యులేషన్ కణజాలం (వాపు వల్ల పెరిగిన మెత్తటి కండ) అక్కడే ఉండగా గ్రాఫ్ట్ పెట్టడం వైఫల్యానికి నేరుగా దారి. సెలైన్‌తో కడిగి, గోడలను ప్రోబ్‌తో తడిమి చూడాలి. రక్తం సరిగ్గా రాకపోతే గోడకు చిన్న బర్‌తో (డ్రిల్ మొనతో) ఒకటి రెండు సన్నటి రంధ్రాలు పెట్టి రప్పించాలి.

బుగ్గవైపు గోడలో కన్నం ఉంటే రేణువుల కన్నా ముందు కొలాజెన్ మెంబ్రేన్, అంటే గ్రాఫ్ట్‌ను చిగురు నుంచి వేరు చేసే పలచటి పొర. కన్నం అంచులు దాటి అన్ని వైపులా 3 మిల్లీమీటర్లయినా గట్టి ఎముక మీద కూర్చునేలా కత్తిరించి, చిగురుకు ఎముకకు మధ్య జరపాలి. బయో-గైడ్ లాంటి రెండు పొరల మెంబ్రేన్‌కు నునుపు వైపు చిగురుకు, గరుకు వైపు ఎముకకు. రక్తం తగిలి మెత్తబడ్డాక ఏ వైపు ఏదో తెలియదు కాబట్టి పొడిగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

గ్రాఫ్ట్‌ను డాపెన్ డిష్‌లో వేసి సెలైన్‌తో, కుదిరితే అదే సాకెట్ నుంచి తీసిన రక్తంతో తడిపి కొన్ని నిమిషాలు వదలాలి. సరిగ్గా తడిసినప్పుడు రేణువులు ఎర్రగా ముద్ద కడతాయి, డిష్‌ను వంచినా జారవు, అడుగున నీళ్లు నిలవవు. నీళ్లు ఎక్కువైతే గాజ్ అంచుతో అద్ది తీసేయాలి. తేలే రేణువు గోడకు అతుక్కోదు. క్లోర్‌హెక్సిడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లతో తడపకూడదు. కణాలకు హాని చేసే ద్రవాన్ని రంధ్రాల్లోకి పంపినట్టవుతుంది.

నింపేటప్పుడు కింది నుంచి పైకి, కొద్దికొద్దిగా, ఒత్తీ ఒత్తనట్టు. ప్లగ్గర్‌తో గట్టిగా దంచితే రేణువు నలుగుతుంది. పొడి అయిన భాగం వాపు తెస్తుంది, పైగా రక్తనాళాలకు దారి మూసుకుంటుంది. చుట్టూ ఉన్న ఎముక అంచు దగ్గర ఆగాలి, ఎత్తుగా పోస్తే చిగురు మూసుకోదు. పక్కన సక్షన్ పట్టిన అసిస్టెంట్‌కు ముందే చెప్పాలి, గొట్టం మొన సాకెట్‌కు దగ్గరగా వస్తే క్షణంలో గ్రాఫ్ట్ అందులోకి పోతుంది. పైన కొలాజెన్ ప్లగ్ గానీ మెంబ్రేన్ గానీ పెట్టి, దాని మీద అడ్డంగా పట్టే మ్యాట్రెస్ కుట్టు వేసి, 10 నుంచి 14 రోజులకు తీయాలి.

ఎక్కడ చెడుతుంది

చెడిపోయిన కేసుల్లో ఎక్కువసార్లు తప్పు గ్రాఫ్ట్‌ది కాదు, చిగురు మూసిన తీరుది. రిడ్జ్ వెడల్పు పెంచేటప్పుడు గ్రాఫ్ట్ మీదకు ఫ్లాప్‌ను (కోసి ఎత్తిన చిగురు భాగాన్ని) లాగి కుడితే మూడో రోజో ఐదో రోజో కుట్లు తెగి, మెంబ్రేన్ బయటపడుతుంది. ఫ్లాప్ లోపలి పొరను, అంటే పెరియోస్టియంను, అడ్డంగా పలచగా కోసి వదులు చేయాలి. కుట్టకముందు ఫ్లాప్ అంచు ఏ బలమూ లేకుండా ఎదుటి అంచును దాటి కొన్ని మిల్లీమీటర్లు పోవాలి. అలా పోకపోతే మళ్లీ వదులు చేయాలి. కింది దవడలో ప్రీమోలార్ల దగ్గర మెంటల్ నరం ఉంటుంది, అక్కడ ఈ కోత చాలా జాగ్రత్తగా.

రెండోది కదలిక. రిడ్జ్ పెంచేటప్పుడు మెంబ్రేన్‌ను టైటానియం పిన్నులతో బిగించి, లోపల రేణువులు కదలకుండా గట్టిగా పట్టి ఉంచాలి. సగం బయో-ఆస్, సగం అదే పేషెంటు దవడ నుంచి బోన్ స్క్రేపర్‌తో గీకిన సొంత ఎముక కలిపితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. సొంత ఎముకలో కణాలుంటాయి, జంతు రేణువు ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. ఐ-పీఆర్ఎఫ్‌తో (పేషెంటు రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసే ద్రవంతో) కలిపి ముద్దగా చేసే స్టికీ బోన్ పట్టుకోవడానికి సులువు. ఐ-పీఆర్ఎఫ్‌కు ప్లాస్టిక్ ట్యూబ్, తక్కువ వేగం, సుమారు 700 ఆర్‌పీఎం, 3 నిమిషాలు. గాజు ట్యూబ్ వాడితే ముందే గడ్డకట్టి ద్రవం చేతికి రాదు. వేగం లెక్క సెంట్రిఫ్యూజ్ రోటర్ సైజును బట్టి మారుతుంది. ఎత్తు పెంచాల్సిన లోపాలను వట్టి జంతు రేణువులతో, వట్టి కొలాజెన్ మెంబ్రేన్‌తో మొదలుపెట్టకూడదు. అక్కడ టైటానియంతో గట్టిపరిచిన మెంబ్రేన్, సొంత ఎముక కావాలి.

మూడోది పైనుంచి పడే ఒత్తిడి. తాత్కాలిక కట్టుడుపళ్లు గ్రాఫ్ట్ చేసిన చోట తగిలేలా ఉంటే రోజూ నమిలిన ప్రతిసారీ రేణువులు కదులుతాయి. లోపలి వైపు బాగా అరగదీయాలి, లేదా కొన్ని వారాలు పెట్టుకోవద్దనాలి.

సైనస్ లిఫ్ట్‌లో సమస్య సైనస్ లోపలి పొర చిరగడం. ష్నైడేరియన్ పొర అనే ఆ పొర సాధారణంగా 1 మిల్లీమీటరు మందమే, దాదాపు ఐదో వంతు కేసుల్లో ఎంతో కొంత చిరుగుతుంది. చిన్న చిరుగైతే పొరను ఇంకాస్త ఎత్తితే ముడుచుకుని మూసుకుంటుంది. 5 మిల్లీమీటర్లు దాటితే కొలాజెన్ మెంబ్రేన్ కప్పాలి. 10 దాటితే ఆ రోజుకు ఆపి, మూసేసి, కొన్ని నెలల తర్వాత మళ్లీ ప్రయత్నించడమే వివేకం. చిరిగిన పొర మీద రేణువులు పోస్తే అవి సైనస్‌లోకి వెళ్లి తిరుగుతూ సైనసైటిస్ తెస్తాయి. ఆవు ఖనిజం అయితే వాటంతట అవి కరగవు కాబట్టి ఈఎన్‌టీ డాక్టరు ఎండోస్కోప్‌తో తీయాల్సి రావచ్చు. నింపడంలో అత్యాశ కూడా ప్రమాదమే. మరీ పైకి నింపితే సైనస్ సహజ ద్వారం మూసుకుంటుంది. కిటికీ కోసే ముందు సీబీసీటీలో (దవడ 3డీ స్కాన్‌లో) గోడలో నడిచే ధమని ఎక్కడుందో, ముక్కు వైపు శ్లేష్మం నిండి ఉందో చూడకుండా మొదలుపెట్టవద్దు. ఆ తర్వాత ఇంప్లాంట్ దాకా 6 నుంచి 9 నెలలు.

పొగ బాగా తాగేవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో ఫలితం బలహీనం. ముందు వాటిని దారికి తెచ్చి తర్వాతే గ్రాఫ్ట్. క్యాన్సర్ కోసం నరాల్లోకి బిస్ఫాస్ఫోనేట్ గానీ, డెనోసుమాబ్ గానీ (ఎముక కరగకుండా ఆపే మందులు) తీసుకునేవాళ్లకు ఇలాంటి ఐచ్ఛిక సర్జరీ వద్దు, దవడ ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది.

తెరిచినప్పుడు ఏం కనబడాలి

బాగా కుదిరిన బయో-ఆస్ చోట ఫ్లాప్ ఎత్తితే చిన్న చిన్న తెల్లటి చుక్కలు పొదిగిన ఎముక కనిపిస్తుంది. ప్రోబ్ మొనతో గీకినా చుక్క ఊడదు, డ్రిల్ పెట్టగానే చుట్టూ రక్తం వస్తుంది. రేణువులు చెంచాతో తీసినట్టు వదులుగా వస్తే, కింద లేత గులాబీ రంగు నార పొర ఉంటే, అంతవరకు గీకేసి మళ్లీ చేయాలి. దాని మీద ఇంప్లాంట్ వేయొద్దు. గ్రాఫ్ట్ చేసిన ఎముక మామూలు దాని కన్నా మెత్తన కాబట్టి డ్రిల్లింగ్‌లో ఆఖరి సైజుకు ముందే ఆగి ఇంప్లాంట్ బిగిస్తే పట్టు దొరుకుతుంది. సెరాబోన్ చోట మాత్రం రేణువు గట్టిదనం వల్ల డ్రిల్ తూలే అవకాశం ఉంది. పదునైన కొత్త డ్రిల్, ధారాళంగా నీళ్లు తప్పనిసరి.

పేషెంటుకు చెప్పాల్సినవి

"ఎముక పొడి పెడతాం" అని ఊరుకోవడం మాకు సమ్మతం కాదు. ఏ జంతువుదో, ఏ దేశంలో తయారైందో, మెంబ్రేన్ దేనితో చేశారో మామూలు తెలుగులో, లేదా ఆ పేషెంటు భాషలో, సర్జరీకి ముందు రోజుల్లోనే చెప్పి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. కొందరికి ఆవు ఒప్పుదల కాదు, కొందరికి పంది ఒప్పుదల కాదు, కొందరు శాకాహారులు ఏ జంతువుదీ వద్దంటారు. ఆ మాట సర్జరీ కుర్చీలో కాకుండా ముందే తెలిస్తే మార్గాలు చాలానే ఉన్నాయి. సొంత దవడ నుంచి తీసిన ఎముక, ముంబై టాటా మెమోరియల్ టిష్యూ బ్యాంకు ఇచ్చే మానవ ఎముక, సైబోగ్రాఫ్ లాంటి కృత్రిమ హైడ్రాక్సీఅపటైట్, బీటా-టీసీపీ (రెండూ కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజాలే) మిశ్రమాలు. మెంబ్రేన్ వరకే అభ్యంతరమైతే చేప కొలాజెన్‌తో చేసే పెరియోకాల్ ఉంది, సొంత రక్తం నుంచి తీసే పీఆర్ఎఫ్ పొర కూడా కొన్ని చోట్ల సరిపోతుంది. కృత్రిమమైనవి అన్ని చోట్లా తీసికట్టు అనుకోనక్కర్లేదు, గోడలు బాగున్న సాకెట్లో పని బాగానే చేస్తాయి.

"ఆవు జబ్బు నాకు వస్తుందా" అని అడిగేవాళ్లుంటారు. అడగడం న్యాయమే. పిచ్చి ఆవు వ్యాధి కారకమైన ప్రయాన్ మామూలు స్టెరిలైజేషన్‌కు లొంగదు. అందుకే పేరున్న తయారీదారులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి ఆ వ్యాధి ముప్పు అతి తక్కువ ఉన్న దేశాల మందల నుంచే ఎముక తీసుకుంటారు. మెదడు, వెన్నుపాము దగ్గరి భాగాలు వాడరు, ఆపైన క్షారం, వేడి. మూలం ఏ దేశమో లేబుల్ మీద గానీ కరపత్రంలో గానీ చెప్పని సీసా ఎంత చవకైనా తిరిగి ఇచ్చేయండి.

సర్జరీ తర్వాత మొదటి రెండు మూడు వారాల్లో నాలుకకు ఒకటి రెండు గరుకు రేణువులు తగలడం మామూలే. పుక్కిలించి ఉమ్మేటప్పుడు బలం వద్దు, స్ట్రాతో తాగొద్దు. సైనస్ చేయించుకున్నవాళ్లు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, కొన్ని వారాలు విమాన ప్రయాణం విషయంలో డాక్టరును అడగాలి. దుర్వాసన, చీము, నాలుగో రోజు తర్వాత పెరుగుతున్న వాపు, ముక్కులోంచి రేణువులు రావడం, వీటిలో ఏది కనబడినా మర్నాటి దాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

నిల్వ గురించి కూడా ఒక మాట. కొలాజెన్ ఉన్న సరుకును, మెంబ్రేన్లను లేబుల్ మీద రాసిన ఉష్ణోగ్రతలోనే ఉంచాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కొరియర్ వ్యానులో రోజంతా ఎండిన పార్సిల్ వస్తే, అది ఎలా వచ్చిందో డీలరును అడిగి తెలుసుకోండి. వేసవిలో ఉదయాన్నే డెలివరీ అయ్యేలా ఆర్డరు పెట్టుకుంటే మంచిది. దిగుమతి సరుకు అయితే దిగుమతి లైసెన్సు నంబరు, దిగుమతిదారు పేరు, గడువు తేదీ చూడాలి. సీసాతోపాటు వచ్చే లాట్ నంబరు స్టిక్కర్లలో ఒకటి కేస్ షీట్‌లో, రెండోది పేషెంటుకిచ్చే కాగితం మీద అంటించాలి. ఆరేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఆ దవడ ఎక్స్‌రేలో తెల్లటి చుక్కలు చూసి కంగారుపడకుండా ఉండటానికి ఆ స్టిక్కరే ఆధారం.